గడ్డ మీది ఊరికి వంతెన వస్తోంది: భూమి, బొడ్రాయి, మన మాట పోకుండా ఏం చేయాలి?

విభాగం: పాలమూరు, నల్లగొండ ముచ్చట్లు

పుట్టితెడ్డు
ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది కృష్ణ మధ్యలో ఉన్న ఒక గడ్డ. ఊరి పేరు రాయడం లేదు. ఇప్పుడు అక్కడ నడుస్తున్న బేరాల మధ్య పేరు బయటపడితే మా నాన్నకే ఇబ్బంది. గద్వాల వైపు వాళ్లకు గుర్రంగడ్డ తెలిసే ఉంటుంది, మాది దానికన్నా చాలా చిన్నది. డెబ్బై గడపలు. నడుమ నల్లరేగడి, అంచుల్లో ఒండ్రు. వరి, వేరుశనగ, కొంచెం మిరప. ఎండాకాలం చిన్న పాయ మోకాలి లోతుకు దిగితే ట్రాక్టర్ దాటుతుంది. జూరాల గేట్లు ఎత్తారని ఫోన్ వచ్చిందంటే రెండు వైపులా దారి బంద్. ఇక పుట్టే దిక్కు, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ.

వంతెన కావాలని మా తాత కాలం నుంచి అడుగుతున్నాం. ఇప్పుడు నిజంగానే కదలిక వచ్చింది, కొలతలు తీసుకుపోయారు. ఆ వెనకాలే ఇంకొకరు కూడా వచ్చారు. తెల్ల కారు అవతలి దరిన ఆపి, మా పుట్టిలోనే కూర్చుని, ఊరంతా తిరిగి చూసి పోయారు. ఎకరానికి మా నాన్న ఎన్నడూ వినని రేటు చెప్పారు. రేవు పక్కన ఉన్న ముగ్గురు రైతులు అప్పుడే బయానా తీసుకున్నారు. అక్కడ నది చూసుకుంటూ ఉండే ఇళ్లు, రిసార్టు కడతారట.

మా అమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ ఒకే మాట అన్నది. "అమ్ముకుంటే ఈ గడ్డకు మనం చుట్టాలమైతం. చుట్టాలు ఎన్ని రోజులుంటరు?"

నేను వంతెన వద్దనడం లేదు. మా అక్క కాన్పు నొప్పులు పడింది ఆగస్టు నెలలో. చీకట్లో పుట్టి ఎక్కించాం. నాన్న తెడ్డు వేస్తుంటే పుట్టి గిర్రున తిరుగుతుంది, అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి, నేను ఇత్తడి చెంబుతో తోడి పోస్తున్నాను. అక్క నా మోకాలు పట్టుకుంది. ఆ వేళ్ల గుర్తులు మూడు రోజులు పోలేదు. బిడ్డ బాగానే ఉన్నాడు, ఇప్పుడు రెండో తరగతి. ఇంకో ఆడపిల్లకు ఆ రాత్రి రాకూడదు.

నా టెన్షన్ వంతెన గురించి కాదు. వంతెన పూర్తయ్యేలోపు మా భూమి చేతులు మారిపోతుందేమోనని. ఆ తర్వాత గంగమ్మ పండుగ ఎవరు చేస్తారు, పీర్లు ఎవరు ఎత్తుతారు, మా పొలాల పేర్లు ఎవరికి గుర్తుంటాయి? దారి పడిన తర్వాత కూడా తమ నేల, తమ బతుకు తమ చేతుల్లోనే ఉంచుకున్న దీవుల వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎలా చేశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

జొన్నకంకి
ఆదివారం రాత్రి 9:50

తమ్ముడూ, మాది మక్తల్ దగ్గర. నీ పోస్టు చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక సంగతి గమనించావా? మన దగ్గర దీవి అనే మాటే వాడం. నది నడుమ ఉంటే గడ్డ. కురువగడ్డ, నారదగడ్డ, గుర్రంగడ్డ. పుట్టిన నేలను కూడా గడ్డ అనే అంటాం. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల, అలంపురం సీమంతా కలిపి నడిగడ్డ. అంటే నీళ్ల మధ్యలో ఉన్న నేలకూ, మనది అనుకున్న నేలకూ మనవాళ్లు ఒక్కటే పేరు పెట్టుకున్నారు.

కురువగడ్డ మీది కురువపురానికి నేను ఏటా పోతాను. శ్రీపాద శ్రీవల్లభుల స్థలం, అది కర్ణాటక కిందికి వస్తుంది, మేము పంచదేవ్‌పహాడ్ వైపు నుంచి నది దాటి పోతాం. చిన్నప్పుడు మా నాయనమ్మతో పోయినప్పుడు పుట్టి ఎక్కే ముందు ఆమె కొంగు చివర ఉన్న పసుపు నీళ్లలో కలిపేది. గుడికి కాదు, ముందు నదికి. ఇప్పుడు జనం పెరిగారు, బండ్లు పెరిగాయి. పుట్టి నడిపే ఇళ్లవాళ్ల పిల్లలు హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోతున్నారు. నీ భయం నాకు అర్థమైంది.

పాలమూరు లేబర్
ఆదివారం రాత్రి 10:31

నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు.

మా నాన్న పాలమూరు లేబరు. దేశంలో ఎన్ని డ్యాముల మట్టి మోశాడో ఆయనకే లెక్క లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోతే మళ్లీ ఉగాదికే ఇంటికి. మా ఊరు దీవి కాదు, రోడ్డు పక్కనే. అయినా ఊరు ఖాళీ అయింది, ఎందుకంటే నేల ఉన్నా నీళ్లు లేవు. సంస్కృతి, పండుగ, భాష అన్నీ కడుపు నిండినోళ్ల మాటలుగా వినిపించేవి మాకు.

ఎకరానికి అంత రేటు వస్తుంటే పేద రైతును "అమ్మకు, మన గుర్తింపు పోతుంది" అని ఆపే హక్కు ఎవరికుంది? ఆయన బిడ్డ పెళ్లి అప్పు నువ్వు కడతావా? పట్నంలో జీతం తీసుకుంటూ ఊళ్లో వాళ్లు మాత్రం పుట్టిలో తిరగాలి, జొన్నరొట్టె తినాలి అనుకోవడం సరి కాదు. నిన్ను అనడం లేదు అన్నా, నువ్వు వంతెన కావాలనే అన్నావు. కానీ ఈ చర్చ ఆ దారి పట్టకూడదని ముందే చెప్తున్నాను.

కొల్లాపూర్ మామిడి
సోమవారం ఉదయం 6:20

పాలమూరు లేబర్ తమ్ముడి మాటలో న్యాయం ఉంది. అయినా డబ్బు తీసుకుని నేల వదిలిన తర్వాత ఏమవుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టి రాస్తున్నాను.

శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లలో మాదొకటి. 1981 ఎండాకాలంలో ఖాళీ చేయించారు. అటు కర్నూలు, ఇటు మన మహబూబ్‌నగర్ కలిపి దాదాపు వంద ఊళ్లు. మేము అమ్ముకోలేదు, తీసుకున్నారు. అది తేడా. కానీ చేతికి వచ్చిన డబ్బు మాత్రం అన్ని ఇళ్లలో ఒకేలా పోయింది. నష్టపరిహారం వచ్చిన ఏడాది ఊరు ఊరంతా కొత్త బట్టలు, కొత్త సైకిళ్లు. రెండో ఏడాది పెళ్లిళ్లు. మూడో ఏడాది నుంచి కూలి. మా తాత ఇరవై ఎకరాల రైతు, చివరికి కొల్లాపూర్ మామిడి తోటల్లో కాపలా ఉన్నాడు. ఇంటికో ఉద్యోగమని 1986లో 98 జీవో ఇచ్చారు. ఆ పేరు మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఉద్యోగం కోసం తిరిగి తిరిగి వయసు దాటిపోయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు.

గుళ్లను మాత్రం జాగ్రత్తగా తరలించారు. మంచాలకట్ట మాధవస్వామి గుడి కొల్లాపూర్ వచ్చింది. జటప్రోలు మదనగోపాలస్వామి, సోమశిల సోమేశ్వరుడు, కూడవెల్లి సంగమేశ్వరుడు, అందరూ ఎత్తైన జాగాలకు వచ్చారు. ఒక్కో రాయికి నంబరు వేసి, విప్పి, బండ్ల మీద తెచ్చి, అదే వరసలో మళ్లీ పేర్చారు. మంచి పని, కాదనను. మనుషులకు ఎవరూ నంబర్లు వేయలేదు. పక్క పక్క ఇళ్లవాళ్లు ఒకరు వనపర్తి, ఒకరు ఆత్మకూరు, ఒకరు హైదరాబాద్ బస్తీ.

ఎండాకాలం నీళ్లు బాగా తగ్గిన ఏడాది మేము పాత ఊరికి పోతాం. బురద ఎండి పగుళ్లు తీసి ఉంటుంది. బావి గట్టు, ఒక రోలు, మసీదు మెట్లు రెండు. మా నాయనమ్మ బతికున్నప్పుడు ఒకసారి తీసుకుపోయాను. చూపు సరిగ్గా లేదు. నా చెయ్యి వదిలి తనే నడిచింది. ఒక చోట ఆగి, కుడికి తిరిగి, నాలుగు అడుగులు వేసి, వంగి కూర్చుంది. "ఇది మన గడప" అన్నది. చుట్టూ మట్టి తప్ప ఏమీ లేదు. కాలితో గీకి చూస్తే రాయి తగిలింది.

ఇంకో మాట. ఊరు కదిలేటప్పుడు మా పక్క ఊరి పెద్దలు బొడ్రాయి కింద మట్టి మూటగట్టుకుని వచ్చారు. పట్టుబట్టి అందరూ ఒకే చోట ఇళ్లు వేసుకున్నారు. ఆ మట్టి పోసే కొత్త బొడ్రాయి నిలబెట్టారు. ఈ రోజుకీ వాళ్లు ఒక ఊరే. పండుగ చేస్తారు, ఆడబిడ్డలు వస్తారు. మేము చెదిరిపోయాం, మాకు ఊరు లేదు. నీళ్లు రెండు ఊళ్లనూ ఒకేలా ముంచాయి తమ్ముడూ. తేడా ఎక్కడ వచ్చిందో చూడు.

దేవరకొండ టు గ్లాస్గో
సోమవారం మధ్యాహ్నం 2:05

నేను దేవరకొండ వాడిని, ఎనిమిదేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాను. పుట్టితెడ్డు అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే ఊరొకటి ఇక్కడ ఉంది. పేరు ఎగ్. స్కాట్లాండ్ పడమటి తీరంలో చిన్న దీవి. పోయిన వేసవిలో మాలెగ్ రేవు నుంచి పడవెక్కి వెళ్లి రెండు రాత్రులు ఉన్నాను.

అక్కడ జనం తరతరాలుగా కౌలుదార్లు. దీవి మొత్తం ఒక్క యజమాని సొత్తు. ఆయన అమ్మితే ఇంకొకరు. ఇంటి పైకప్పు కారుతుంటే బాగు చేసుకోవాలన్నా భయం, ఎందుకంటే రేపు ఆ ఇంట్లో ఉండనిస్తారో లేదో గ్యారంటీ లేదు. చివరికి అరవై చిల్లర జనం మిగిలారు. వాళ్లే కూడి, ఒక ట్రస్టు పెట్టి, ప్రపంచమంతా చందాలు అడిగి, 1997 జూన్ 12న 15 లక్షల పౌండ్లకు తమ దీవిని తామే కొనుక్కున్నారు. ఇప్పుడు జనం వంద దాటారు. పోయిన పిల్లలు తిరిగి వచ్చి ఇళ్లు కట్టుకుంటున్నారు.

నాకు బాగా నచ్చింది కరెంటు సంగతి. 2008 వరకు ఎవరి డీజిల్ జనరేటర్ వాళ్లది. అప్పుడు నీటి టర్బైన్లు, గాలిమరలు, సోలార్ పలకలు, బ్యాటరీలు కలిపి సొంత గ్రిడ్ పెట్టుకున్నారు. ఇంటికి 5 కిలోవాట్ల కన్నా ఎక్కువ వాడకూడదు, దుకాణాలకూ వ్యాపారాలకూ 10. నేను ఉన్న ఇంటామె కెటిల్ పెట్టే ముందు గోడ మీద మీటరు చూసి, వాషింగ్ మెషిన్ ఆపి, అప్పుడు నీళ్లు కాచింది. విసుగు లేదు. మన ఇళ్లలో బిందె నీళ్లను చూసుకుని వాడినట్టు వాడింది. చూడడానికి వచ్చినవాళ్ల కార్లను దీవి మీదికి రానివ్వరు. టూరిస్టులు వస్తారు, డబ్బు వస్తుంది, కానీ ఎంతమంది, ఎలా అన్నది ఊరు చెప్తుంది.

ఎగ్ తర్వాత స్కాట్లాండ్‌లో 2003లో చట్టమే వచ్చింది. ఊరి భూమి అమ్మకానికి వస్తే కొనే మొదటి అవకాశం ఊరికి ఉండేలా.

అదే దేశంలో సెయింట్ కిల్డా అనే దీవి కూడా ఉంది. అక్కడ 36 మంది మిగిలాక, ఇక బతకలేమని వాళ్లే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని 1930 ఆగస్టు 29న ఓడెక్కి వెళ్లిపోయారు. ఇళ్లలో బైబిల్ తెరిచి పెట్టి, పక్కన గుప్పెడు ధాన్యం ఉంచి పోయారని చెప్తారు. వైద్యం లేదు, పడుచువాళ్లు లేరు, రాకపోకలు లేవు. కాబట్టి పాలమూరు లేబర్ అన్నా, నీ మాట నిజమే. దారి లేకపోయినా ఊరు పోతుంది.

పుట్టితెడ్డు
సోమవారం రాత్రి 8:44

అందరికీ దండం. కొల్లాపూర్ అన్న రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. నాయనమ్మ గడప దగ్గర కూర్చున్న చోట మళ్లీ చదవమంది.

పాలమూరు లేబర్ అన్నా, నువ్వు అడిగింది సరైన ప్రశ్న. బయానా తీసుకున్న ముగ్గురిలో ఒకాయనకు నిజంగానే ఆసుపత్రి అప్పు ఉంది. ఆయన్ని తప్పు పట్టే మొహం మాకు లేదు. కానీ ఆయనకు కావాల్సింది నాలుగు లక్షలు. దాని కోసం ఉన్న మూడెకరాలూ పోతున్నాయి. ఆ నాలుగు లక్షలు ఊళ్లో ఎవరూ సర్దలేకపోయారు. అదే నాకు రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు.

దేవరకొండ అన్నా, వాళ్లు మొత్తం దీవి కొన్నారు. మా దగ్గర భూమి ఎవరి పట్టా వాళ్లది. మేము ఏం చేయగలం? రెవెన్యూ సంగతులు తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

రికార్డుల మనిషి
మంగళవారం ఉదయం 7:15

రెవెన్యూలో పనిచేసి రిటైర్ అయ్యాను, ఉండేది నల్లగొండ. తెలిసినంత చెప్తాను బాబూ.

మొదట ఒక అపోహ తీసేస్తాను. చాలామంది "1/70 చట్టం ఉంది కదా" అంటారు. అది షెడ్యూల్డ్ ఏరియాలకు, అంటే గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన ఊళ్లకు. మీ గడ్డకు వర్తించదు. మీ పట్టా భూమి మీరు ఎవరికైనా అమ్మవచ్చు, ఎవరైనా కొనవచ్చు. ఆపే చట్టం లేదు. అందుకే మీ కట్టుబాటే మీ చట్టం.

చేయగలిగినవి చెప్తాను. బయానా అంటే అమ్మకం కాదు. అగ్రిమెంటు కాగితంలో గడువు, షరతులు ఏం రాశారో ముందు చూడండి. సంతకం పెట్టినాయన దగ్గర కాపీ కూడా లేదంటే అదే పెద్ద తప్పు, వెంటనే అడిగి తీసుకోండి. జీపీఏ, అంటే మీ తరఫున భూమి అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం, దాని మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టవద్దు. ఇల్లు కట్టడానికో రిసార్టుకో సాగు భూమిని మార్చాలంటే నాలా (వ్యవసాయేతర భూమిగా మార్చే) అనుమతి కావాలి. ఆ దశలో ఊరు అభ్యంతరం చెప్పవచ్చు, కాగితం మీద చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం కొలతలు. నది మధ్య ఊళ్లలో ప్రతి వరదకూ ఒక అంచు కోసుకుపోతుంది, ఇంకో అంచున మేట వేస్తుంది. పాస్‌బుక్‌లో మూడెకరాలు, నేల మీద రెండున్నర. కొత్త మేట మీద ముప్పై ఏళ్లుగా పుచ్చకాయ వేసేవాడి దగ్గర కాగితమే ఉండదు. బయటివాడు కొన్న రోజున మొదట పోయేది ఆ కాగితం లేని మనిషే. తెలంగాణ భూ రికార్డుల చట్టం భూభారతి వచ్చాక రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేసే ఏర్పాటు పెట్టారు. వంతెన కంటే ముందు మీరంతా కలిసి సర్వేకు దరఖాస్తు పెట్టుకోండి. రేవు దారి, శ్మశానం, పశువులు దిగే బాట, పీర్ల కొట్టం, గంగమ్మ చెట్టు కింద జాగా, ఇవి ఎవరి సర్వే నంబరులో ఉన్నాయో చూసుకోండి. చాలా ఊళ్లలో ఇవి ఎవరో ఒకరి పట్టాలో ఉంటాయి. ఆయన మంచివాడు కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. ఆయన అమ్మిన మర్నాడు కంచె పడుతుంది.

ఈ ఒక్క పనికి నెల రోజులు పట్టినా సరే, ముందు ఇది చేయండి.

మినికాయ్‌లో మూడేళ్లు
మంగళవారం మధ్యాహ్నం 1:30

మాది వనపర్తి. మా ఆయన ఉద్యోగం వల్ల లక్షద్వీప్‌లో ఉన్నాం, అందులో మూడేళ్లు మినికాయ్‌లో.

లక్షద్వీప్‌లో 36 దీవులు, జనం ఉండేవి పది. అక్కడ బయటివాళ్లు భూమి కొనలేరు, పర్మిట్ లేకుండా అడుగు కూడా పెట్టలేరు. ఆ పర్మిట్ రూల్స్ 1967 నుంచి ఉన్నాయి. మేము మూడేళ్లు ఉన్నా అతిథులమే. పుట్టితెడ్డు వాళ్లమ్మ అన్న మాట చదివి అదే గుర్తొచ్చింది.

మిగతా దీవుల్లో మలయాళం మాట్లాడతారు, మినికాయ్‌లో మాత్రం మహల్. లిపి కుడి నుంచి ఎడమకు. దీవి పదకొండు ఊళ్లుగా ఉంటుంది, ప్రతి ఊరికీ మగవాళ్లలో ఒక పెద్ద, ఆడవాళ్లలో ఒక పెద్ద. పెళ్లయితే మగవాడే భార్య ఇంటికి పోతాడు. ఊరి పని వస్తే ఇంటికొకరు రావాల్సిందే, డాక్టర్ అయినా, ఓడలో ఆఫీసరు అయినా. సెలవు మీద వచ్చిన ఓడ కెప్టెన్ ఒకాయన ఊరి పడవను నీళ్లలోకి నెట్టేవాళ్లలో భుజం కలపడం నేను చూశాను.

చేపలు పట్టేది వలతో కాదు, గాలంతో. బతికున్న చిన్న చేపల్ని నీళ్లలో చల్లుతారు, పైన నీళ్లు చిమ్ముతారు, ట్యూనా గుంపు పైకి వస్తుంది. ఒక్కొక్కటి గాలానికి ఎగిరి పడవలో పడుతుంది. పెద్ద వలలు వేస్తే నాలుగు రోజుల్లో బోలెడు డబ్బు, ఆ తర్వాత సముద్రం ఖాళీ అని ఒక ముసలాయన మా ఆయనతో అన్నాడు. పట్టిన చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్ చేస్తారు. అది ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది.

2021లో భూమి, అభివృద్ధి మీద కొత్త ముసాయిదా వచ్చినప్పుడు దీవులన్నీ కలిసి వద్దన్నాయి. ఇళ్ల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు, ఉపవాసం ఉన్నారు. వాళ్లు రోడ్లు వద్దనలేదు, ఆసుపత్రులు ఇంకా కావాలనే అడుగుతారు. మా భూమి మమ్మల్ని అడగకుండా తీసుకునే వీలు మాత్రం వద్దన్నారు.

పాలమూరు లేబర్
మంగళవారం రాత్రి 9:58

అక్కా, చదివాను. వాళ్లకు చట్టం ఉంది, మనకు లేదు. రికార్డుల సార్ అదే చెప్పారు.

ఆ నాలుగు లక్షల మాట దగ్గర నేను ఆగిపోయాను. మా నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నది కూడా అలాంటి చిన్న మొత్తానికే. ఊళ్లో ఎవరైనా సర్దుంటే ఆయన పోయేవాడు కాదు. అప్పు చిన్నదే, పోయింది మాత్రం ఆయన వయసంతా.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను, పూర్తిగా కాదు గానీ. అమ్మవద్దని చెప్పే ముందు, అమ్మాల్సిన అవసరం తీర్చండి. డెబ్బై గడపలు నెలకు కొంత వేసుకుంటే ఏడాదిలో ఒక నిధి అవుతుంది. ఆడవాళ్ల సంఘాలు ఎలాగూ ఉన్నాయి, లెక్క వాళ్లకే అప్పజెప్పండి. ఎవరికైనా అమ్మక తప్పకపోతే మొదట ఊళ్లో వాళ్లను అడగాలి అని కట్టుబాటు పెట్టుకోండి. రాత్రంతా ఇదే ఆలోచించాను.

సాగర్ దరి
బుధవారం ఉదయం 6:45

మాది ఏలేశ్వరం. అంటే ఇప్పుడు లేని ఏలేశ్వరం. నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. ఆ మధ్యలో మా తాతలు లేచి వచ్చారు. ముంపుకు ముందు అక్కడ తవ్వితే శాతవాహనుల నాటివి, ఇక్ష్వాకుల నాటివి ఆనవాళ్లు బయటపడ్డాయి. అవతల నాగార్జునకొండ శిల్పాలను కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు, అది అందరికీ తెలిసిందే.

మాకు మిగిలింది గట్టు మీద మల్లన్న. ఊరు మునిగింది, గట్టు దీవి అయింది. శివరాత్రికి పడవల్లో పోతాం. మూడో తరం పిల్లలు కూడా వస్తారు. పోయినసారి మా అన్న కూతురు, ఆరేళ్లది, పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తూ "మన ఇల్లు ఎక్కడ?" అని అడిగింది. మా పెదనాన్న పడవ నడిపే అతనికి చెప్పి ఒక చోట ఇంజన్ ఆపించాడు. గట్టు, దూరంగా కనిపించే ఒక కొండ బోడు, రెండింటినీ చేత్తో కొలిచి, "ఇక్కడే, మన చింతచెట్టు కింద ఉన్నావు ఇప్పుడు" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి చాచి నీళ్లను తాకింది.

ఆ కొలత మా పెదనాన్నకు ఒక్కడికే తెలుసు. ఈ ఏడాది నేను నేర్చుకోవాలి.

అలంపురం వాసి
బుధవారం ఉదయం 11:10

చిన్న మాట. 2009 అక్టోబరులో మా ఊరు నీళ్లలో ఉంది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద అది. రాజోలిలో మగ్గాలు గుంటలతో సహా పోయాయి. వంతెన ఎత్తు ఎంత, ఆనాటి వరద మట్టం ఎంత అని ఇంజినీరు సార్లను ఇప్పుడే అడగండి. రేవు పక్కన రిసార్టు అంటున్న ఆ జాగా 2009లో ఎన్ని అడుగుల నీళ్లలో ఉందో మీ ముసలివాళ్లకు తెలుసు. గోడ మీదో చెట్టు మీదో గుర్తు పెట్టి ఫోటో తీయండి. అనుమతుల దగ్గర అదే మీకు పెద్ద ఆధారం.

జొన్నకంకి
బుధవారం రాత్రి 9:20

సాగర్ దరి అన్న రాసింది చదివాక ఒక పని చెప్పాలనిపించింది. తమ్ముడూ, మీ గడ్డ మీద ప్రతి చెలకకూ ఒక పేరుంటుంది కదా. మా దగ్గర గుండ్లచెలక, దొరసాని మడి, పాముల కుంట అని ఉన్నట్టు. సర్వేకు కొలిచేటప్పుడే ఆ పేర్లు కూడా రాయించు. ముసలివాళ్లతో చెప్పించి ఫోన్‌లో రికార్డు చెయ్యి. మన సీమలో కన్నడం కలిసిన తెలుగు ఉంటుంది, ఆ యాసతోనే ఉండనివ్వు, సరిదిద్దవద్దు.

అస్సాంలో మాజులీ అని బ్రహ్మపుత్ర మధ్య పెద్ద దీవి. 2016లో జిల్లా కూడా అయింది. నది దాన్ని వందేళ్లలో సగానికి పైగా కోసేసింది. అయినా అక్కడి సత్రాల్లో, అంటే వైష్ణవ మఠాల్లో, వెదురు, మట్టి, పేడ, గుడ్డతో రావణుడి మాస్కులు ఈనాటికీ చేస్తున్నారు. సామగురి సత్రానికి చెందిన హేమచంద్ర గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ పిల్లలు బడి అయ్యాక వచ్చి నేర్చుకుంటారు. మీ దగ్గర పుట్టి అల్లడం వచ్చినవాళ్లు ఎంతమంది మిగిలారు?

పుట్టితెడ్డు
పదిహేడు రోజుల తర్వాత, శనివారం రాత్రి 10:05

ఆలస్యానికి మన్నించండి. రెండు వారాలు సెలవు పెట్టి ఊళ్లోనే ఉన్నాను.

మొన్న శుక్రవారం బొడ్రాయి దగ్గర కూర్చున్నాం. అరవై ఒక్క ఇళ్ల నుంచి వచ్చారు. నేను మాట్లాడలేకపోయాను, గొంతు పట్టేసింది. కొల్లాపూర్ అన్న పోస్టు మా మేనకోడలు చదివింది. ఎవరూ కదలలేదు. తర్వాత మా అమ్మ లేచి ఆ నాలుగు లక్షల మాట ఎత్తింది. సంఘం ఆడవాళ్లు అక్కడికక్కడే లెక్క వేశారు. ఆ రాత్రికే రెండు లక్షల ఎనభై వేలు జమ అయింది. మిగతాది పంట మీద. ఆయన అగ్రిమెంటు కాగితం రికార్డుల సార్‌కు ఫోటో పంపాను. గడువులోపు బయానా తిరిగి ఇచ్చేస్తే రద్దు చేసుకునే షరతు అందులోనే ఉందట. ఆయన ఏడ్చాడు. మిగతా ఇద్దరు అమ్మేస్తామనే అన్నారు. వాళ్లిష్టం, ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ అందులో ఒకాయన పట్టాలో గంగమ్మ చెట్టు ఉంది. ఆ ఐదు గుంటలు ఊరి పేర రాసిస్తానని పదిమందిలో మాటిచ్చాడు.

ఇక మీద అమ్మాలనుకుంటే ముందు ఊళ్లో చెప్పాలి, మూడు నెలలు ఆగాలి అని రాసుకున్నాం. నలభై నాలుగు సంతకాలు. మిగతావాళ్లు ఆలోచిస్తామన్నారు.

సర్వే దరఖాస్తు పెట్టాం. 2009 నీటి గుర్తు స్కూలు గోడ మీద దొరికింది, సున్నం కింద. నా ఛాతీ వరకు ఉంది.

జొన్నకంకి అక్కా, పుట్టి అల్లేవాళ్లు ఇద్దరే మిగిలారు, అందులో ఒకరు మా నాన్న. నిన్న వెదురు చీల్చి తెచ్చాం. ఇదివరకు బర్రె తోలు కప్పేవాళ్లట, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, పైన తారు. మా అక్క కొడుకు, ఆ రాత్రి పుట్టి దాటి పుట్టినవాడు, బద్దలు అందిస్తూ కూర్చున్నాడు. నాన్న వాడికి అడుగు అల్లిక నేర్పుతున్నాడు. మూడుసార్లు విప్పి మళ్లీ వేయించాడు. ఇంకా సగమే అయింది.

పొలాల పేర్లు ఇప్పటికి నూట పన్నెండు దొరికాయి. రేపు పొద్దున తూర్పు అంచు వైపు పోతున్నాం, అటువైపు పేర్లు తెలిసిన అవ్వ ఒకామె ఉంది. ఎండ ముదరక ముందే మొదలుపెడదాం రమ్మన్నది.